నీలం మరక

తాడేపల్లిగూడెంలో ప్యాసింజర్ ఎక్కిన యువ కానిస్టేబుల్ ఒళ్లో ఖాకీ చొక్కా పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. చొక్కాకి గుండె దగ్గర నీలం మరక ఉంది. బట్టల కొట్లో పెరిగినవాణ్ని, నా నోరు ఊరుకుంటుందా?

“నిమ్మకాయ రుద్దకపోయారా?”

“నీళ్లకే పోతుందండీ, కావాలనే ఉతకలేదు. శిక్షణలో రంగు గుండ్లతో కాలుస్తారు. చావం, మరక పడుతుందంతే. ఆ శిక్షణలో నాది బందీ వేషమండీ. నన్ను విడిపించడానికొచ్చినవాడే కాల్చాడు. అయినా వాణ్ని పాస్ చేసేశారు! రేపట్నించి వాడి చేతిలో నిజం గుండ్లు. ఏలూరులో పెద్దాఫీసరుగారికి చూపిద్దామని.”

“వాడు ఎవరి తాలూకా?”

“మాకు శిక్షణ ఇచ్చే సారు బావమరిదండీ.”

“అయితే ఉతికేసుకోండి. ఉద్యోగం మీది.”

భీమడోలు దాటాక అతను లేచి వాష్ బేసిన్ దగ్గరికెళ్లాడు. తడి చొక్కాతో తిరిగొచ్చి, “పోయిందండీ” అన్నాడు.

ఇన్నేళ్ల నా బేరాల్లో అంత తేలిగ్గా తెగింది అదొక్కటే.