దేవుడు ఆ పక్క, జనం ఈ పక్క

బెంగళూరులో వసంతకాలంలో తప్పక చూడవలసినవేమిటో ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టారు. అందులో పాత కోట ఉంది, పూలతోట ఉంది, మ్యూజియం ఉంది, గులాబిరంగు పూలు రాలే రోడ్లు ఉన్నాయి. వాటి తర్వాత శ్రీరామనవమి సంగీతపు పందిళ్లు ఉన్నాయి. పోయినేడు మా పందిరికి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి చదువుకున్న పిల్లలు జంటలుగా వచ్చారంటే అది చదివే. వాళ్లు విద్వాంసుల కోసం వచ్చారు. అయితే వాళ్లు వచ్చిన పూట వేదిక మీద ఉన్నది మేము. ఆ సంగతి అందులో రాయలేదు. రాసినవాళ్లు ఎవరో గాని, చల్లగా ఉండాలి.

మా పందిరి అంటే కాటన్‌పేటలో మా ఇంటికి రెండు వీధుల అవతల, ఒక బడి మైదానంలో ఉగాది నుంచి వేసే షామియానా. సాయంత్రాలు పెద్ద కచేరీలు జరుగుతాయి. పాడేవాళ్లు కన్నడం వాళ్లో తమిళం వాళ్లో అయివుంటారు. పాటలు మాత్రం చాలావరకు తెలుగువే. మా వ్యాపారపు కుటుంబాల వాళ్లకు మాట అర్థమవుతుంది, రాగం తెలియదు. పక్క కుర్చీలో వాళ్లకు రాగం తెలుస్తుంది, మాట తెలియదు. ఇద్దరం కలిసి తల ఊపుతాం. పానకం దగ్గర ఎవరికీ ఏ అనుమానమూ ఉండదు.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు జబ్బుమనిషినని మా నాన్న ఇంట్లోనే కూర్చోబెట్టి చదివించాడు. అందుకు నేను ఆ జబ్బుకు కూడా రుణపడి ఉన్నాను. సంగీతం పెళ్లయి వచ్చాక మా అత్త దగ్గర నేర్చుకున్నాను. ఆమె నేర్పలేదు. ఆమె పాడుతుంటే పక్క గదిలో బియ్యం ఏరుతూ నేర్చుకున్నాను.

శనివారం వీధి మందిరంలో ఆడవాళ్ల భజనకు వచ్చినా మా అత్త తాళం వేసేదే గాని గొంతు ఎత్తేది కాదు. ఆమె పాడేది రెండే చోట్ల. ఒకటి పూజగది. అక్కడ గొంతు తగ్గించి, దేవుడు నిద్రపోతున్నట్టు పాడుతుంది. ఆమె కోడలిగా వచ్చిన కాలానికి ఇంటి ఆడవాళ్ల పాట గడప దాటకూడదని ఒక కట్టుబాటు ఉండేదట. ఆ కట్టుబాటు పెట్టినవాళ్లు ఎప్పుడో పోయారు గాని, ఎత్తేశామని చెప్పే తీరిక ఎవరికీ దొరకలేదు. రెండోచోటు వంటిల్లు, అదీ గ్రైండరు తిరుగుతున్నప్పుడు. ఇడ్లీపిండి రుబ్బేంతసేపూ గొంతు విప్పి పాడేది. స్విచ్చి ఆపితే పాట ఆగేది. మా ఇంట్లో వారానికి అన్నిసార్లు ఇడ్లీ ఎందుకో మా ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఏటా పందిరికి పోయేవాళ్లం. కచేరీ అయి ఇంటికి వచ్చేటప్పుడు ఆమె ఎప్పుడూ ఒకటే అడిగేది. “వెనక వరసలో కూకున్నోళ్లకు వినపడెనా?” పాడినవాళ్ల గురించి అడుగుతోందని అనుకునేదాన్ని. అది తన గురించేనని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. నలుగురు కూర్చుని వింటుండగా ఒక్కసారి పాడాలని ఆమెకు ఉండేది. నోరు తెరిచి అన్నది మాత్రం ఎన్నడూ లేదు.

పోయినేడు నవమికి ముందురోజు మధ్యాహ్నం పాడవలసిన బృందం రాలేమని కబురు పెట్టింది. పందిరి కమిటీ కార్యదర్శి మా అంగడిలో అగరబత్తులు తీసుకుంటూ మా ఆయనతో అన్నాడట, మీ వీధి ఆడవాళ్ల శనివారం భజన ఉంది కదా, మూడున్నరకు ఓ గంట పాడకూడదా అని. ఆయన ఇంటికి వచ్చి ఆ మాట చెప్పాడు.

“మాకెందుకప్పా అవన్నీ?” అంది మా అత్త.

అని, లోపలికి పోయి పట్టుచీర తీసి ఇస్త్రీకి వేసింది.

మూడున్నరకు బెంగళూరులో కూడా చైత్రమాసపు ఎండ బాగానే ఉంటుంది. ఆ ఎండకు నేను కృతజ్ఞురాలిని. అది లేకపోతే మైదానంలో నడిచిపోయేవాళ్లు షామియానా నీడకు వచ్చేవారు కాదు. సగం కుర్చీలు నిండాయి. ముందు వరసలో పెద్దవాళ్లు కునుకుతున్నారు. నాలుగున్నరకు పానకం ఇస్తారని తెలిసి వచ్చిన తల్లులూ పిల్లలూ మధ్యలో ఉన్నారు. వెనకాల ఫోన్లు పట్టుకుని ఆ హెచ్‌ఎస్‌ఆర్ జంటలు ఉన్నాయి.

మేము ఏడుగురం వేదిక ఎక్కాం. వేదికకు వెనకవైపు నిలువెత్తు పట్టాభిషేకం పటం, దాని ముందు కలశం, దీపం ఉన్నాయి. దండం పెట్టుకున్నాం. చాప మీద అర్ధచంద్రంగా కూర్చున్నాం. నేను శ్రుతిపెట్టె నొక్కాను. తాళాలు చేతికి తీసుకున్నాను.

కాసేపటికి కార్యదర్శి వంగి వంగి వచ్చి మా పక్కన కూర్చున్నాడు. మంచి మనిషి. ఇంట్లో కన్నడం, మాతో తెలుగు.

“అమ్మా, దండం పెట్టుకోవడం ఆయిందా?”

“ఎప్పుడో ఆయె. మొదలుపెడతాము,” అంది గాజుల అంగడామె. మా గోష్ఠిలో మాట్లాడే పని ఆమెది.

“మరి ఇట్ల తిరగండి. జనం ఈ పక్క ఉండారు.”

“దేవుడు ఆ పక్క ఉండాడు కదప్పా.”

అప్పుడు గాని మాకు తెలియలేదు, ఏడుగురమూ రాముడికి ఎదురుగా కూర్చున్నామని. జనానికి మా జడలూ, ముడులూ, మల్లెపూలూ కనబడుతున్నాయి. మైకులన్నీ మా వీపుల వెనక నిలబడి ఉన్నాయి. మా వీధి మందిరంలో ఎప్పుడూ కూర్చునేది ఇట్లాగే. ఇంకోరకంగా కూర్చోవచ్చని మాకు తోచనేలేదు.

“విద్వాంసులంతా జనంపక్కే కూకుంటారు కదమ్మా,” అన్నాడు కార్యదర్శి.

“వాళ్లు విద్వాంసులు. వాళ్లకు చెల్లుతుంది. మేము రాముడికి వీపుపెట్టి రామా అంటే బాగుంటుందా?”

“సరే, పటం ముందర ఒక పంచె అడ్డం కట్టిస్తా.”

“నవమికి రాముడికి ముసుగేస్తావా? ఇంట్లో మీయమ్మకు చెప్పు, ఏమంటుందో చూస్తాం.”

పటాన్ని జరపడానికి లేదు. కలశం పెట్టాక ఉత్సవం ముగిసేదాకా కదిలించరాదు. ఆ సంగతి ఆయనకే ముందు గుర్తొచ్చింది. పక్కవాటుగా కూర్చోమన్నాడు. ఆ పక్కన జనరేటరు ఉంది. జనరేటరుకు భజన చేసే ఆనవాయితీ తమకు లేదని గాజుల అంగడామె చెప్పింది.

మైకుసెట్టు ఆయన వేదిక కింద నుంచి చూస్తున్నాడు. “నాకు ఎవరు ఎట్ల కూకున్నా ఒకటే సార్,” అన్నాడు. “మైకు యాడ పెట్టాలో అది చెప్పండి, సాలు.”

నాలుగు కావస్తోంది. నాలుగున్నరకు పానకం, ఆ వెంటనే పెద్ద విద్వాంసుల వాద్యాలు వస్తాయి. కార్యదర్శి గడియారం చూసుకున్నాడు. “అమ్మా, ఏమీ అనుకోకండి. ఇట్లయితే ఈ పూట వద్దు, ఇంకోసారి చూస్తాము,” అన్నాడు. గాజుల అంగడామె అప్పటికే తాళాలు సంచిలో వేసుకుంటోంది. ఆమెకు అందులో బాధ కూడా ఏమీ లేదు.

నేను మా అత్తవైపు చూశాను. ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని పటంకేసి చూస్తోంది. పూజగదిలో నుంచి కూడా దేవుడికి వీపు చూపకుండా వెనక్కి వెనక్కి నడిచి వచ్చే మనిషి. అట్లా నడుస్తూ నూనెగిన్నె తన్నేసిన రోజులున్నాయి. అటువంటి మనిషిని తిరగమని నేనెలా అంటాను? ఈమెకు ఇంకోసారి అనేది రాదని కూడా నాకు తెలుసు. మందులషాపు వాడికి తెలిసినంత బాగా తెలుసు.

అప్పుడు ఆమె రాముడితో మాట్లాడింది. ఇంట్లో మా మామగారితో మాట్లాడినట్టే, పైట సర్దుకుని.

“ఇన్నేండ్లు నువ్వొక్కడివే వింటివి. ఈ పొద్దు వాళ్లను విననీ సామీ. కోపమొస్తే ఇంటికొచ్చినాక చూసుకుందాం.”

ఆ తర్వాత రెండు చేతులూ చాప మీద ఊని, కొంచెం కొంచెంగా జరుగుతూ జనంపక్కకు తిరిగింది. మోకాళ్లు నొప్పి కాబట్టి తిరగడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. ఇస్తే పాపంలో పాలుపంచుకున్నట్టవుతుందేమోనని మాకు భయం.

“అయ్యో, మీరు కూడా తిరగండమ్మా,” అన్నాడు కార్యదర్శి మాతో.

“ఆమె సెలవు అడిగె. మేము అడగలేదు కదా,” అంది గాజుల అంగడామె. తాళాలు మాత్రం సంచిలోంచి మళ్లీ తీసింది.

అట్లా మొదలయింది. ఆరుగురం దేవుడిపక్క, ఆమె ఒక్కతే జనంపక్క. నా కుడిభుజం ఆమె కుడిభుజానికి తగులుతోంది. నాకు ఆమె గొంతు వినబడుతోంది గాని ముఖం కనబడటం లేదు. కాబట్టి ఆ పూట జనం ఏం చేశారో నాకు చెవులతో తెలిసినంతే తెలుసు.

మొదటి పాట పూజగది గొంతుతో ఎత్తుకుంది. కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరిదో ఫోను మోగింది. “మమ్మీ, పానకం ఎప్పుడు?” అని ఒక పిల్ల అడిగింది. పాట అయింది. ఒక్కరు చప్పట్లు కొట్టి, మిగతావాళ్లు కొట్టకపోయేసరికి ఆపేశారు. ఆ ఒక్కరికి నేను ఇప్పటికీ రాత్రి పూజలో ఒక దండం ఎక్కువ పెడతాను.

రెండోపాటకు ఆమె గ్రైండరు గొంతు తీసింది.

మైకుసెట్టు ఆయన “యప్పా” అనుకుంటూ దేన్నో తిప్పి తగ్గించడం వినబడింది. పై షడ్జం దగ్గర ఆమె గొంతు పగిలింది. ఆగింది. మైకులోనే గట్టిగా దగ్గి గొంతు సవరించుకుని, అదే చరణం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి పై స్వరం అందింది. అక్కడే కాసేపు నిలబడింది. ముందు వరసలో కునికే పెద్దాయన ఒకరు కన్నడంలో “ఇన్నొందు, ఇన్నొందు” అన్నారు. ఇంకొకటి అని. నిద్రలో అన్నారో మెలకువలో అన్నారో నేను చూడలేదు.

ఇంకొకటి పాడింది. కార్యదర్శి చాలించమని సైగ చేస్తున్నాడని గాజుల అంగడామె ఓరగా చూసి నాకు చెప్పింది. నేను మా అత్తకు చెప్పలేదు. తాళం మధ్యలో మాట్లాడకూడదు.

నాలుగో పాట అయ్యాక ఇక మంగళం పాడాలి. ఆమె మళ్లీ చేతులు ఊని, అంతే నిదానంగా రాముడివైపు తిరిగింది. మైకుసెట్టు ఆయన పాపం పరుగెత్తి వచ్చి మైకు తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె దాని మీద అరచెయ్యి కప్పింది.

“ఇది ఆయనకు నాయనా.”

మంగళం మా ఏడుగురికీ తప్ప ఎవరికీ వినబడి ఉండదు. ఆ లోపల పానకం బిందెలు వచ్చాయి, కుర్చీలన్నీ ఒకేసారి లేచాయి. హెచ్‌ఎస్‌ఆర్ పిల్లలు ఇద్దరు వేదిక దగ్గరికి వచ్చి, ఇట్లా అటూ ఇటూ కూర్చోవడం పాత సంప్రదాయమా అని ఇంగ్లీషులో అడిగారు. అవునని గాజుల అంగడామె తెలుగులో చెప్పింది.

మేము పానకం తాగి ఆటో ఎక్కాం. మా అత్త ఓ చివర కూర్చోలేదు. నా చెయ్యి పట్టుకుని మధ్యలో కూర్చుంది. వీధి మలుపు తిరగ్గానే అడిగింది.

“అమ్మణ్ణీ, వెనక వరసలో వినపడెనా?”

“నేను చూడలేదత్తా. నేను ఆ పక్క తిరిగుంటి కదా.”

“మరి నువ్వేం చూస్తివి?”

“రాముణ్ణి.”

ఆమె పైట సర్దుకుంది.

“నేను పాడేటప్పుడు ఆయన మొగం ఎట్ల ఉండె?”

అబద్ధం చెప్పే అలవాటు లేదు కాబట్టి బాగా గుర్తు తెచ్చుకున్నాను.

“మామూలుగానే ఉండాడత్తా.”

“ఊ,” అంది. ఇంకొంత దూరం పోయాక, “అట్లయితే రేపు నవమికి మళ్లీ పోదాం. పొద్దున్నే ఆ కార్యదర్శికి ఫోన్ చెయ్యి,” అంది.