నిరుపేద అని రాసిన కాగితం

నేను ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయ్యేనాటికి యుద్ధం ముగిసింది గానీ, దాని భయం మా ఊరిని ఇంకా వదల్లేదు. కిరసనాయిలు చీటీ మీద ఇచ్చేవాళ్లు. ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేయమంటే జనం వెనక్కి జరిగేవాళ్లు. పిల్లల్ని పటాలానికి తీసుకుపోతారని కొందరు, గాదెలో గింజలు లెక్కపెట్టడానికి వస్తారని కొందరు అనేవాళ్లు. మా నాయన ఈ రెండూ నమ్మేవాడు.

తిరుపతిలో కొండ కింద కొత్తగా కాలేజీ తెరిచారు. చిత్తూరు హైస్కూల్లో మా లెక్కల అయ్యవారు ఒక రోజు నన్నూ, నా స్నేహితుణ్ణీ పక్కకు పిలిచాడు. ఆ స్నేహితుడిది మా పక్క ఊరు. వాళ్ల నాయన మగ్గం నేసేవాడు. నాలుగేళ్లుగా ఇద్దరం కలిసే నడిచి బడికి వస్తున్నాం.

"బెల్లం మండీ వర్తకులు కొంతమంది కలిసి ధర్మనిధి ఒకటి పెట్టినారు. ఏటా ఒక పిల్లోడికి కాలేజీ ఫీజు, తిండి ఖర్చు ఇస్తారంట. ఇద్దరూ అర్జీ పెట్టండి. వచ్చేది మాత్రం ఒకరికే. అది ఇప్పుడే మనసులో పెట్టుకోండి" అన్నాడు ఆయన.

మేమిద్దరం ఒకరినొకరు చూసి నవ్వుకున్నాం. తిరిగి ఇంటికి నడుస్తున్నప్పుడు మాత్రం మామూలుగా మాట్లాడుకున్నంత మాట్లాడుకోలేదు.

అర్జీకి కరణం ఇచ్చే ధ్రువపత్రం జత చేయాలి. నాయన, నేను కరణం ఇంటికి పోయాం. ఆయన అరుగు మీద కూర్చుని, రాస్తున్నది పైకి చదువుతూ రాశాడు. "ఇతని తండ్రి నిరుపేద. స్థిరాస్తి ఏమియు లేదు. కూలి చేసుకుని జీవించుచున్నాడు."

నాయన తలగుడ్డ చేతిలో పట్టుకుని కింద నిలబడి ఉన్నాడు. "మాకు చేను ఉండాది గదా సామీ" అన్నాడు.

"ఉండాదని రాస్తే నీ కొడుక్కి చదువు రాదు. వద్దంటే చెప్పు, చించేస్తాను."

నాయన నా ముఖం చూశాడు. తర్వాత వంగి వేలిముద్ర వేశాడు. దారిలో ఒకే ఒక్క మాట అడిగాడు. "ఎప్పుడు పోయినా రేపు రా, మాపు రా అనే మనిషి. ఈ పొద్దు ఒక్క మాటకే ఎందుకు రాసిచ్చినాడు?" నేను సంతోషంలో ఉన్నాను. ఆ ప్రశ్నను పట్టించుకోలేదు.

నిధికి పెద్ద చిత్తూరులో ఒక వకీలు. ఆయన నా మార్కులు చూశాడు, రెండు లెక్కలు చేయించాడు, ఇంగ్లీషులో ఒక పేరా చదివించాడు. "పది రోజుల్లో కార్డు రాస్తాను. ధైర్యంగా ఉండు" అన్నాడు. ఆ మాటతో నాకు సగం కాలేజీలో చేరినట్టే అనిపించింది.

కార్డు వచ్చింది. "మీ కుటుంబ పరిస్థితి గురించి సంతకం లేని ఉత్తరం ఒకటి మాకు అందినది. విచారణ ముగియువరకు మీ అర్జీ నిలిపి ఉంచడమైనది." అంతే ఉంది అందులో.

ఆకాశరామన్న ఉత్తరం! ఆ రోజు నుంచి మా ఇంట్లో అన్నం దిగలేదు. అమ్మ మా చిన్నాయనను అనుమానించింది. గట్టు దగ్గర ఆయనకూ మాకూ పాత తగాదా ఉంది. "మన బిడ్డ పైకొస్తే వాళ్ల కండ్లు సల్లగుంటాయా?" అని ఆమె వాళ్లింటికి మజ్జిగ ఇవ్వడం మానేసింది. నేను ముందు కరణాన్ని అనుకున్నాను. తర్వాత లెక్కల అయ్యవారినే అనుకున్నాను. నా స్నేహితుడంటే ఆయనకు కాస్త ఎక్కువ ఇష్టమని నాకెప్పుడూ ఒక బాధ ఉండేది. ఎటు తిరిగినా చివరికి నా మనసు వచ్చి ఆగింది ఆ స్నేహితుడి దగ్గరే. నాకు రాకపోతే ఎవరికి వస్తుంది?

ఒకసారి అనుమానం పడ్డాక, అతను చేసిన ప్రతి పనీ దానికి సాక్ష్యంగానే కనబడింది. కార్డు వచ్చిన మరునాడే వచ్చి పలకరించాడు. వీడికి ఇంత త్వరగా ఎలా తెలిసింది అనుకున్నాను. రెండు రోజులు రాలేదు. ముఖం చూపలేక రాలేదనుకున్నాను. ఆఖరికి ఒక రోజు వాళ్లింటికే పోయాను. మగ్గం గుంట పక్కన అతను కండెలు చుడుతున్నాడు.

"నువ్వే రాసినావు" అన్నాను.

చేతిలోది కింద పెట్టాడు. "నీకు రాకుంటే నాకొస్తాది. నిజమే. ఆ మాట నా మనసులోకి రాలేదని చెప్తే అబద్ధమవుతాది. అట్లని నేను రాయలేదబ్బా."

"నమ్మమంటావా?"

"నమ్మితే నమ్ము, లేకుంటే పో" అన్నాడు. నేను వచ్చేశాను.

మరుసటి వారం చిత్తూరుకు నడిచిపోయి వకీలు ముందు నిలబడ్డాను. ఆ ఉత్తరం ఎవరి రాతో చూడాలని అడిగాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. సొరుగు తీసి కాగితం నా ముందు పెట్టాడు.

"నాక్కూడా ఇదేందో అర్థం కాలేదు. చదివి చెప్పు, ఇది నీకు కానివాడు రాసిందేనా?"

సంత దగ్గర కూర్చుని ఉత్తరాలు రాసేవాళ్ల రాత అది. గుండ్రంగా, కొక్కేలతో ఉంది. ఆ పిల్లవాడి తండ్రికి చేను ఉందని, తూర్పున వంక, పడమర రాతి గట్టు, మధ్యలో సగం తవ్విన బావి అని హద్దులన్నీ వివరంగా రాసి ఉన్నాయి. సెంట్లతో సహా విస్తీర్ణం సరిగ్గా ఉంది. కానివాడైతే ఒకటికి మూడు చేసి రాసేవాడు. కింద ఇంకా రెండు మాటలున్నాయి. "చేను వారిది కాదని ఎవరూ అనకూడదు. పిల్లవాడు బాగా చదువును."

ఆ మాటలు ఎవరివో నాకు తెలిసిపోయింది. వకీలుకు ఏమీ చెప్పకుండా ఇంటికి వచ్చాను.

నాయన పెరట్లో పలుపుతాడు పేనుతున్నాడు.

"ఉత్తరం రాయించింది నువ్వేనా నాయనా?"

ఆయన చేతులు ఆగలేదు. "నేనే."

"ఎందుకు?"

"స్థిరాస్తి ఏమీ లేదని కరణం రాసినాడు. దాని కింద నా వేలిముద్ర ఉండాది. రేపు ఎవుడో ఒకడు ఆ కాగితం పట్టుకొచ్చి, భూమి లేదని నువ్వే ఒప్పుకుంటివి గదప్పా అంటే యాడికి పోయేది? ఆ బాయి తవ్వతా తవ్వతానే మా నాయన సచ్చిపోయినాడు. ఆయన లేనోడు కాదురా."

"నాతో చెప్పకూడదా?"

"చెప్తే ఊరుకుందువా? నీ మనసంతా సదువు మీదే ఉండె. నిన్ను గూడా నమ్మలేదు నేను" అన్నాడు. ఆ మాట అన్నాకే ఆయన చేతులు ఆగాయి.

అమ్మ గడపలో నిలబడి అంతా వింది. మజ్జిగ ముంత తీసుకుని చిన్నాయన ఇంటికి పోయింది.

రెండు రోజుల తర్వాత నాయన పట్టా, శిస్తు రసీదులు గుడ్డలో మూటగట్టుకుని నాతో చిత్తూరు వచ్చాడు. వకీలు ముందు మూట విప్పి, "నేను లేనోణ్ణి కాదు సామీ. ఉండేది ఇంత. దీంతో వీణ్ణి కాలేజీకి పంపలేను" అన్నాడు.

వకీలు రసీదులన్నీ చూశాడు. "భూమి ఉంటే ఇవ్వకూడదని మా నియమాల్లో యాడా లేదే! ఎవరు చెప్పినారు నీకు?"

నాయన నావైపు చూశాడు. కరణం తెలియక అన్నాడో, చేను మీద ఆశ పెట్టుకునే అన్నాడో నాకు ఈనాటికీ తెలియదు. కరణం రాసిన కాగితాన్ని వెనక్కి ఇప్పించుకుని నాయన అక్కడే ముక్కలు చేశాడు.

తప్పుడు ధ్రువపత్రం పెట్టినవాడికి మొత్తం ఇవ్వడానికి వర్తకులు ఒప్పుకోలేదట. సగం నాకు, సగం నా స్నేహితుడికి ఇచ్చారు. సగంతో ఎవరికీ సొంత గది కుదరదు. కాబట్టి ఇద్దరూ తిరుపతిలో ఒకే గదిలో ఉండండని లెక్కల అయ్యవారు తీర్పు చెప్పాడు. ఆయనకు మా మధ్య జరిగింది తెలియదు.

ఒకే గది, ఒకే పొయ్యి. అతను అన్నం వండితే నేను పులుసు కాచేవాణ్ణి. పాఠాల గురించి మాట్లాడుకునేవాళ్లం. తక్కిన మాటలు రాలేదు. నేను గదిలో అడుగుపెడితే అతను రాస్తున్నది బోర్లించేవాడు. ఉత్తరం రాశావన్న నా నిందను గుర్తుచేసి నన్ను దెప్పడానికే అలా చేస్తున్నాడనుకునేవాణ్ణి. అలా అనుకోవడం కూడా మళ్లీ అనుమానమేనని తెలిసేది గానీ మనసు మాట వినేది కాదు.

మొదటి ఏడాది పరీక్షలయ్యాక ఇద్దరం మెట్లదారిన కొండెక్కాం. మోకాళ్లు పట్టుకుంటూ ఒక మలుపులో కూర్చున్నప్పుడు చెప్పాను. "ఉత్తరం మా నాయన రాయించినాడు. నిన్ను అనడం నాదే తప్పు."

"తెలుసు. మీ అమ్మ ఆ వారమే మా ఇంటికొచ్చి చెప్పి పోయింది" అన్నాడు.

"మరి ఏడాదంతా ఏమీ అనకుండా ఉంటివే!"

"నువ్వు ఎప్పుడు చెప్తావో సూద్దామని" అన్నాడు. లేచి పంచె దులుపుకుని నాకు చెయ్యి అందించాడు. ఇంకా సగం మెట్లున్నాయి.