వాన వెలిసేదాకా

కారంపూడి మిరపచేలల్లో కలుపు తీసే రాహేలమ్మ, ఉరిమినప్పుడల్లా పని ఆపి పక్కమనిషి మణికట్టు పట్టుకుంటుంది. ఏడవదు, వణకదు. పంతొమ్మిది వందల అరవై రెండులో, వానకని తుమ్మచెట్టు కిందికి పోయిన ఆమె మొగుడు దావీదు మీద పిడుగు పడింది. "ముట్టుకోబాకే, వాడి వొంట్లో ఇంకా పిడుగుంది, నువ్వూ పోతావ్!" అని కూలీలంతా అరిచారు. వాన వెలిసేదాకా ఆమె బారెడు దూరంలోనే నిలబడి, అతని వేళ్లు మట్టిని గీరడం, ఆగిపోవడం చూసింది. "ముట్టుకుంటే ఏమీ కాదమ్మా. అప్పుడే నోట్లో ఊపిరి ఊదితే బతికేవాడేమో" అని తర్వాత నరసరావుపేటలో డాక్టరు చెప్పాడు. "అట్నా అయ్యా" అని తలూపి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది.

ఇవాళ ఉరిమితే పిచ్చమ్మ చెయ్యి దొరికింది. "ఏమే, నొప్పెడతంది, వదులు" అంది పిచ్చమ్మ.

"వాన వెలవనీ అక్కా" అంది రాహేలమ్మ. అప్పటికింకా చినుకైనా పడలేదు.