అమ్మ ఫోటోలో చిన్నమ్మ కళ్లు

మొన్న మా కోడలు, పుట్టినరోజు ఫోటోలో అడ్డంగా నిలబడ్డ ఎవరినో ఫోన్ మీద వేలితో ఒక్కసారి తాకి తీసిపారేసింది. తాకగానే ఆ మనిషి చుట్టూ గీత పడటం, మరుక్షణం మనిషే మాయమవడం చూసి, ఓస్ ఇంతేనా అని నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. ఆ గీత కోసం మౌసు పట్టుకుని చూపు పాడుచేసుకున్నదాన్ని మరి.

సోలాపూర్ నీలం నగర్‌లో మాది నేతపని వాళ్ల ఇల్లు. నాయన కార్ఖానాలో చాదర్ దుప్పట్లు నేసేవాడు, అమ్మ గడపలో కూర్చుని బీడీలు చుట్టేది. ఆ బీడీల చాట నా ఒళ్లోకి రాకూడదని మొండికేసి అమ్మే నన్ను కంప్యూటర్ క్లాసుకు పంపింది, అలా తొంభైల చివర్లో ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరాను. గుంపు ఫోటోలోంచి పోయినవాళ్లను వేరుచేసి, వెనకాల నీలిరంగు పరిచి, దండ వేసుకోవడానికి వీలుగా పెద్దది చేయడమే నా పని. మనిషి అంచు వెంబడే మౌసుతో గీసుకుంటూ పోయి మొదలుపెట్టిన చోటికి చేరితే, ఆ గీత చుక్కలు చుక్కలుగా చీమల బారులా కదిలేది. జుట్టు దగ్గరికొచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. గీత కాస్త లోపలికి జరిగితే గుండు గీసినట్టుండేది, బయటికి జరిగితే పక్కావిడ చీర అంటుకొచ్చేది, అంచు మెత్తబరిస్తే గానీ మనిషి మనిషిలా కనబడేది కాదు. నా చెయ్యి తిరిగిందని స్టూడియో యజమాని సేఠ్ అందరితో చెప్పుకునేవాడు, నాకూ కాస్త పొగరెక్కింది.

అంతలోనే అమ్మ పోయింది. జ్వరమని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు.

దినాలకు ఫోటో కావాలి. ఓటరు కార్డు మీది బొమ్మ ఒట్టి నల్ల మరక. ఇక ఉన్నదల్లా, కొత్త కెమెరా కొన్న సంబరంలో సేఠ్ మా గల్లీకొచ్చి, వరసగా కూర్చుని బీడీలు చుడుతున్న ఆడవాళ్లను తీసిన ఫోటో ఒక్కటే. అందరూ కెమెరాను చూసి నవ్వారు. మా మహాతల్లి మాత్రం చేతిలోని ఆకు వదలలేక రెప్పలు వాల్చుకునే ఉంది!

అమ్మను వేరుచేయడం సులువుగానే అయింది. ఆ రెప్పలను మాత్రం ఎంచుకుని పైకి జరిపి చూశాను; కింద తెల్లటి ఖాళీ తేలింది. గీతను ఎంత సర్దితే మాత్రం ఏం లాభం, కెమెరా చూడని కళ్లను కంప్యూటర్ ఎక్కణ్ణించి తెస్తుంది? దండ వేసే ఫోటోలో కళ్లు తెరిచే ఉండాలని నాయన పట్టు. చివరికి అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, తనే స్టూడియోకొచ్చి కెమెరా ముందు కుర్చీలో కూర్చుంది.

"అక్కకు నాకు ఒకటే కండ్లు గద, నావి పెట్టు బిడ్డా."

ఒకటే కాదని నాకు తెలుసు. అయినా చిన్నమ్మ కళ్లను ఎంచి, అమ్మ ముఖంలోకి తెచ్చి, అంచులు మెత్తబరిచి, అతుకు కనబడకుండా చేశాను. దినాల నాడు చూసినవాళ్లంతా అచ్చం ఆమేనని ఏడ్చారు. నాయన దండ ఎత్తబోతుంటే అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉన్న బిడ్డ కండ్లకు దండ ఎట్ల ఏస్తవ్ కొడుకా? ఒక్క బిడ్డ పోయింది సాల్దా?"

ఆ దండ పీట మీదే వాడిపోయింది. దండ లేకుండా, బొట్టు లేకుండా ఫోటో గోడకెక్కింది, చిన్నమ్మ ఎప్పుడొచ్చినా దానికి వీపు పెట్టి కూర్చునేది. కొన్నేళ్లకు, పొగాకు దుమ్ముకు దగ్గి దగ్గి, ఆమె కూడా పోయింది. ఆ రోజు అమ్మమ్మ, పట్టుకోబోయిన వాళ్లను విదిలించుకుని మా ఇంటికొచ్చి, తన చేతులతోనే అమ్మ ఫోటోకు దండ వేసింది.

ఇప్పుడు ఎవరి ఫోన్ చూసినా నవ్వే ముఖాలే, ఏ కోణం కావాలంటే ఆ కోణం. మనకేమో ఒక్క మనిషికి ఒక్క ఫోటో, అదీ తల వంచుకుని. మా పిల్లలు గోడ మీది ఆ ముఖాన్నే తమ అమ్మమ్మ ముఖం అనుకుంటారు, అనుకోనీ. నా బాధ అది కాదు. కళ్లు మూసుకుని అమ్మను తలచుకుంటే నాకూ చిన్నమ్మ కళ్లే కనబడుతున్నాయి. అమ్మవి ఎట్లా ఉండేవో చెప్పడానికి, నాయనా లేడు, అమ్మమ్మా లేదు.