మా నాన్న పేరు మీద మూడు నెమళ్ళు డాట్ కామ్

మా వంశంలో లాయరు నోటీసు అందుకున్న మొదటి మనిషి మా నాన్న. ఇప్పించింది నేనే. ఎలాగో చెప్తా, టీ చల్లారేలోపు అయిపోతుంది.

2001 అనుకుంటా. గుంటూరు బ్రాడీపేటలో ఓ ఇంటర్నెట్ సెంటర్ చూసుకునేవాణ్ణి. కస్టమర్లు లేనప్పుడు ఊరికే కూర్చోలేక ఏదో ఒకటి వెతుకుతుండేవాణ్ణి. ఒకరోజు ఓ వార్త కంటపడింది. అమెరికాలో ఎవడో ఓ పెద్ద కంపెనీ పేరుతో డాట్ కామ్ ముందే కొని పెట్టుకుని, తర్వాత ఆ కంపెనీకే లక్షలకి అమ్మాడట. ఇంతేనా అనిపించింది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేస్తే సీటు మనదే కదా, ఇదీ అంతే అనుకున్నా.

మా నాన్న వెంకటప్పయ్య వినుకొండ దగ్గర మిర్చి వేస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఆ సరుకంతా గుంటూరు యార్డులో మస్తాన్ సాహెబు గారి కమీషన్ కొట్టుకే తెస్తాడు. సాహెబు గారికి కారం మిల్లు కూడా ఉంది. ఆ మిల్లు మూడు నెమళ్ళ కారం అంటే ఒరిస్సా దాకా తెలుసు. వెతికి చూస్తే ఆ పేరుతో డాట్ కామ్ ఖాళీగా ఉంది. ఇక చెయ్యి ఆగుతుందా? సెంటర్ ఓనర్ గారిని బతిమాలి, ఆయన క్రెడిట్ కార్డు మీద కొనేశా.

మా ఇళ్ళల్లో మొదటి ఆస్తి ఏది కొన్నా పెద్దవాళ్ళ పేరు మీదే కొంటాం. మోటారైనా, మోపెడ్ అయినా. అందుకని ఓనర్ అన్న గడిలో నాన్న పేరు, ఊరి అడ్రసు కొట్టా. ఆ పేరుతోనే సాహెబు గారికి ఇంగ్లీషులో ఓ లెటరు కూడా పంపా. మీ పేరు మా దగ్గర అమ్మకానికి ఉంది, ఆసక్తి ఉంటే రాయండి అని. నాన్నకి మాత్రం చెప్పలేదు. బేరం కుదిరాక చెప్పి ఆశ్చర్యపరుద్దామని నా ప్లాను.

పదిహేను రోజులకి నాన్నే సెంటర్‌కి వచ్చాడు. చేతిలో రిజిస్టర్డ్ కవరు, అందులో సాహెబు గారి లాయరు నోటీసు. ఊళ్ళో టీచరు గారి చేత చదివించుకున్నాడట.

"ఏరా, నేను సాహెబు గారి పేరు కొన్నానంట. ఎప్పుడు కొన్నా?"

జరిగింది చెప్పా. ఆయనకి కోపం కంటే ముందు ఆరా మొదలైంది.

"ఎక్కడుంది అది? ఎన్ని సెంట్లు?"

"సెంట్లు ఉండవు నాన్నా."

"పాస్‌బుక్కు ఇస్తారా?"

"ఇవ్వరు."

"మరి ఏం చూసి కొన్నావురా?"

కంప్యూటర్లో చూపించా. తెల్లటి ఖాళీ పేజీ. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఇందుకా, ఇరవై ఏళ్ళుగా నన్ను నమ్మిన మనిషి దగ్గర దొంగనయ్యాను" అన్నాడు.

ఆ ఏటి కాయ ఇంకా కల్లంలోనే ఉంది. నాన్న ఇక సాహెబు గారి కొట్టు మెట్లు ఏ మొహంతో ఎక్కుతాడు?

మర్నాడు పొద్దున్నే ఇద్దరం యార్డుకి వెళ్ళాం. సాహెబు గారు టిక్కీలని పిలిచే మిర్చి బస్తాల మధ్య కుర్చీలో కూర్చుని ఉన్నారు. నాన్న దణ్ణం పెట్టి, "మావాడి తెలివి సాహెబు గారూ, నాకేం తెలియదు" అన్నాడు.

ఆయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "ముందు ఇది చెప్పు బాబూ. నా పేరు నాకు తెలీకుండా నువ్వెట్లా కొన్నావు?" నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నేను బస్సు సీటు, తువ్వాలు సంగతి చెప్పా.

"తువ్వాలు ఖాళీ సీట్లో వెయ్యాలి. నేను కూర్చున్నాక నా ఒళ్ళో వేస్తే ఎట్లా?" అని గోడ మీద ఫ్రేము చూపించారు. ట్రేడ్‌మార్క్ సర్టిఫికెట్టు. "ఈ నెమళ్ళు ప్యాకెట్ మీదున్నా, నీ కంప్యూటర్లో ఉన్నా నావే. రేపు ఎవడైనా నీ దగ్గర ఆ పేరు కొని, ఇటుకపొడి కలిపిన కారం అమ్మితే జనం ఎవర్ని తిడతారు?"

పేరు వెంటనే మీకు రాసిచ్చేస్తానండీ అన్నా. ఆయన నాన్న వైపు తిరిగి, "వెంకటప్పయ్యా, నీ మీద నాకేం లేదు. కాయ ఎప్పుడు తెస్తున్నావు?" అన్నారు. నాన్న మొహం అప్పటికి తేటపడింది. టీలు కూడా వచ్చాయి.

అక్కడితో లేచి వచ్చేసినా బాగుండేది. సాహెబు గారు ఉత్త కుతూహలంతో, "ఇదొక్కటే కొన్నావా, ఇంకా ఉన్నాయా?" అన్నారు.

నేను టీ గ్లాసులోకి చూశా. "ఇంకో నాలుగున్నాయండీ."

"ఎవరివి?"

వేలు పెట్టి చూపించా. ఎదురు కొట్టు, పక్క కొట్టు, గేటు దగ్గర రెండు.

"అవీ మీ నాన్న పేరు మీదేనా?"

తలూపా. నాన్న టీ సగంలో వదిలేసి, కండువా దులుపుకుని లేచాడు. "పదరా. వాళ్ళ లాయర్లకి తెలిసేలోపు మనమే చెప్పొద్దాం."

ఇంటర్నెట్ ఉంటే కుర్చీలోంచి లేవకుండా వ్యాపారం చెయ్యొచ్చని నేను కస్టమర్లకి రోజూ చెప్పేవాణ్ణి. ఆరోజు మార్చి ఎండలో, మిర్చి ఘాటుకి తుమ్ముకుంటూ, మా నాన్న వెనకాల కొట్టు కొట్టుకీ తిరిగి నాలుగు పేర్లూ ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తానని ఒప్పుకున్నా. ప్రతి కొట్లోనూ నాన్న నన్ను ముందుకి తోసి, మొహంలో ఏమీ కనపడనీయకుండా ఒకటే మాట అన్నాడు.

"మావాడండీ. కంప్యూటర్లు బాగా తెలుసు."