కట్ చెప్పని పరీక్ష

మంగళవారం, మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటల పది నిమిషాలు. గోడ గడియారం నేనే చూశాను కాబట్టి ఇందులో వాదన లేదు. ఆ రోజుల్లో నేను బాగా చిన్నదాన్ని, అరవై నాలుగు కూడా నిండలేదు. నవ్వేవాళ్ళు నవ్వండి. మనిషి చిన్నతనం బడికి వెళ్ళే రోజుల్లోనే ఉంటుంది, నేను బడికి వెళ్ళింది అప్పుడే. పలక కింద పడేసి తిట్లు తిన్నదీ, పక్కవాళ్ళ జామకాయ ముక్క లాక్కున్నదీ, పరీక్ష అనగానే జ్వరమని దుప్పటి కప్పుకున్నదీ అన్నీ ఆ వయసులోనే.

అంతకు ముందు జీవితమంతా సినిమాల్లో గుంపులో నిలబడ్డాను. పెళ్ళిలో అక్షింతలు వేసే ఆడవాళ్ళు, ఊరేగింపులో జనం, ఆసుపత్రి బయట ఏడ్చేవాళ్ళు, వాళ్ళలో మూడో వరుసలో ఎడమ పక్కన చూస్తే నేనుంటాను. అందుకే ఫిల్మ్ నగర్ బస్తీలో నా పేరు మూడో వరుసక్క. మా పనిలో మొదటి పాఠం ఒక్కటే: కెమెరా తిరుగుతున్నప్పుడు పెదాలు కదలాలి, గొంతు రాకూడదు. ముందు హీరో మాట్లాడుతుంటాడు, వెనక మేం మాట్లాడుకుంటున్నట్టు కనబడాలి గానీ వినబడకూడదు. పొరపాటున చప్పుడు చేశామా, మైకులో తిట్టి బయటికి పంపేవారు. (నన్నొకసారి తుమ్మినందుకు పంపారు. దర్జాగా ఇంటికెళ్ళి మిగతా తుమ్ములు తుమ్ముకున్నాను.)

మా బస్తీలో ఒక ట్రస్టు వాళ్ళ చిన్న బడి ఉంది. రేకుల కప్పు, ఇరుకు గదులు. పిల్లల పాఠాలు తప్ప అందులో ఇంకేమీ ఉండేది కాదు. గోదావరి వైపు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది, ఆవిడకు కుదురు లేదు. ఖాళీ గది కనబడితే చాలు, ఒక కోర్సు పెట్టేది. కుట్టుపని అంది, కంప్యూటరు అంది, బొమ్మలు గీయడం అంది, చివరికి మాలాంటి ముసలి గుంపుకు చదవడం, రాయడం అంది. ఆవిడ రాకముందు కూడా ఎవరో బస్తీకొచ్చి కొన్నాళ్ళు మాకు అక్షరాలు నేర్పామన్నారు. అప్పట్లో పరీక్షంటే బోర్డు మీద ఉన్నది చూసి దింపడం. ముగ్గు దింపినట్టు దింపి, ఒక్క అక్షరం రాకుండానే నూటికి నూరు తెచ్చుకున్నాను. ఆ కాగితం అందరికీ చూపించి తిరిగాను కూడా. టీచరమ్మ దాన్ని చూసి, "అక్కా, ముగ్గు చాలా బాగుందండీ. చదువెక్కడుందో చూపించండి" అంది. ఎప్పుడూ చూడని కాగితం ఇస్తే చదవాలట, అదీ పరీక్షట! అలిగి కొన్నాళ్ళు మానేశాను. ఇంట్లో నేర్పేవాళ్ళెవరు? మనవరాలిది ఇంగ్లీషు మీడియం, దానికి తెలుగు నాకంటే తక్కువ వచ్చు. మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను. ఒత్తుల దాకా వచ్చాను.

సరిగ్గా ఒత్తుల దగ్గర ఆ మంగళవారం వచ్చిపడింది. శ్రీనగర్ కాలనీ నుంచి ట్రస్టు మేడం వచ్చింది, చేతిలో చీరల కొట్టు సంచి. "ఇంత చిన్న బడికి ఇన్ని కోర్సులెందుకండీ? వీళ్ళు నిజంగా చదివితే ఈ తరగతి ఉంటుంది, లేకపోతే ఇవాళ్టితో సరి. బట్టీ పట్టించి అప్పజెప్పిస్తే మాత్రం నేనొప్పుకోను" అని, తాను తెచ్చిన ఆరోగ్యం కరపత్రం నా చేతిలో పెట్టింది. తరవాత ఫోను పైకెత్తి నా మొహానికి గురిపెట్టింది. "రెడీనా? స్టార్ట్!" అంది.

చదివాను. ఎంత బాగా చదివానో నాకు తెలుసు. కళ్ళు తిప్పాను, చెయ్యి ఆడించాను, పెదాలు ఒక్కో అక్షరానికీ కదిలాయి.

"గట్టిగా చదవండి, వినబడటం లేదు" అంది మేడం. ఇంకా పెద్దగా పెదాలు తెరిచాను. మేడం ఫోను విదిలించి చెవి దగ్గర పెట్టుకుంది.

తరవాత పెళ్ళి పెద్దమ్మ. (తెర మీద ఆవిడ లేకుండా ఏ పెళ్ళీ జరగలేదు.) ఆవిడా అంతే, చిరునవ్వుతో, తలూపుతూ, నిశ్శబ్దంగా చదివింది. ఆ తరవాత శవం బాబాయి. ఆయన వేషాలన్నీ పాడె మీదే. ఫోను ఆయన వైపు తిరగ్గానే కళ్ళు మూసి, ఊపిరి బిగబట్టి, కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"అయ్యో, ఏమైందండీ ఈయనకి?" అని మేడం లేచి నిలబడింది.

"ఏం కాలే మేడం, ఫికర్ చెయ్యకున్రి. కట్ అంటే లేస్తడు" అన్నాను.

మేడం ఫోను దించింది. "టీచరు గారూ, క్షమించాలి. వీళ్ళకేమీ రాదు."

టీచరమ్మ మొహం పాలిపోయింది. నా పక్కకొచ్చి, "అక్కా, నిన్న గడగడా చదివారు కదండీ! ఏమైంది?" అని గొంతు తగ్గించి అడిగింది.

"చదివిన గద టీచరమ్మా! కెమెరా ముందల నోరు లేపుతరా ఎవరన్న? లేపితే గా రోజు కూలీ ఎవరిస్తరు?"

టీచరమ్మ పడీపడీ నవ్వింది. తరవాత నా భుజం పట్టి ముందుకు తోసింది. "ఈ సీన్లో హీరోయిన్ మీరేనండీ. డైలాగు మీదే. మేడం, మళ్ళీ స్టార్ట్ అనండి!"

మేడం అంది. నేనెత్తుకున్నాను. "నీళ్ళు... మరిగించి... చల్లార్చి... తాగవలెను!" కోర్టులో కొడుకు ప్రాణాల కోసం తల్లి వేడుకున్నట్టు చదివాను. పక్క గదిలో కుట్టు మిషన్లు ఆగిపోయాయి. కరపత్రం అయిపోయింది. ఎవరూ కట్ చెప్పలేదు. చెప్పకుండా ఆపితే మా పనిలో నేరం. అందుకని గోడ మీది రాతల మీద పడ్డాను. "చెప్పులు బయట విడువుము! మంచినీళ్ళు వృథా చేయరాదు!" గోడ కూడా అయిపోయింది. ఇంకా కట్ లేదు. మేడం సంచి కనబడింది. "ఆషాఢం తగ్గింపు! రెండు చీరలు కొంటే ఒకటి ఉచితం!"

మేడం సంచి వెనక్కి దాచుకుంది. "అయ్య బాబోయ్, ఇది బట్టీ కాదు. ఎవరైనా కట్ చెప్పండి!" అని పకపకా నవ్వేసింది. ఆ మాటకు శవం బాబాయి లేచి కూర్చుని, "అయిపోయిందా? నా వంతు రాలేదా?" అన్నాడు.

తరగతి ఉండిపోయింది. పైగా టీచరమ్మ ఇంకో కోర్సు పెట్టింది, గుంపులో వాళ్ళకు డైలాగు చదవడం. పరీక్ష ముందు "గొంతుతో చదవవలెను" అని చెప్పడం కూడా అప్పటినుంచి రివాజయింది. ఇప్పుడు ఎర్రగడ్డ బస్సెక్కితే దారిలోని బోర్డులన్నీ పైకే చదువుతాను. మనవరాలు సిగ్గుపడి, "మనసులో చదువుకో నానమ్మా, అందరూ చూస్తున్నరు" అంటుంది. చూడనీ. మనసులో చాలా ఏళ్ళు మాట్లాడాను. ఆ రోజు ఆ మూగ విద్య మరిచిపోయిన, అరవై నాలుగు నిండని ఆ చిన్నపిల్లను తలుచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది.

ఆ రోజు అక్కడున్నవాళ్ళు: గోదావరి టీచరమ్మ, ట్రస్టు మేడం, పెళ్ళి పెద్దమ్మ, బతికున్న శవం బాబాయి, మొదటి వరుసలో నేను.