ఓడలరేవు చిరునామా

మొన్న రావులపాలెం సెంటర్లో బస్సు కోసం నిలబడి ఉండగా, అరటిగెలల లారీ పక్కనుంచి ఎవరో "బాబుగారూ" అని పిలిచారు. పిలిచింది నన్ను కాదు, మరెవరినో. అయినా వెనక్కి తిరిగి చూడలేకపోయాను. ఆ పిలుపు ఎంత తీయనిదో పెద్ద ఇళ్ళలో పుట్టిన నా ఈడువారికి తెలుసు. నాకు మాత్రం అది వింటే ఇప్పటికీ భయం.

తాతగారి కోర్టు వ్యాజ్యాలలో భూములన్నీ పోయి, చివరికి మండువా లోగిలి కూడా చేయి మారాక, తొంభైల చివర్లో నేను అమలాపురంలో తాగుడు మాన్పించే ఒక ఆసుపత్రిలో కౌన్సిలర్‌గా చేరాను. దాన్ని నడిపే డాక్టరమ్మగారి తాతగారు ఒకప్పుడు మా చేలల్లో పనిచేసినవారు. ఆవిడ నన్ను ఎంతో మర్యాదగా చూసేవారు. ఆ మర్యాద కూడా నాకు గుచ్చుకునేది. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే: దెబ్బలు తిన్న ఆడమనిషి ఎక్కడ తలదాచుకుందో ఎవరడిగినా, కన్నతండ్రి అడిగినా, తెలియదనాలి.

ఆ రోజుల్లో ఒకామె తన కష్టం నాతో చెప్పుకోవడానికి ప్రతి సోమవారం వచ్చేది. ఆమె భర్త కొబ్బరి చెట్లెక్కి దింపులు తీసేవాడు. తాగితే ఆ దింపుకత్తే ఆమె మీదికి లేచేది. మోచేతి కింద మచ్చ నాకు చూపించింది, గది తలుపు చప్పుడైతే చాలు ఉలిక్కిపడేది. ఇల్లు విడిచి వచ్చేశానని, ఓడలరేవులో రామాలయం వెనక స్నేహితురాలి ఇంట్లో ఉంటున్నానని ఒకసారి చెప్పింది.

రెండు రోజులకి పొద్దున్నే ఆమె భర్త వచ్చాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని, గుమ్మం బయటే చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దింటి బాబుగారు కదండీ తమరు? మా నాన్న తమ తోటలోనే దింపు తీసేవోడండి. తమ ముందు కుర్చీలో కూర్చుంటానేటండీ?"

ఆ మాట విని ఎన్నేళ్ళయిందో! నా వెన్ను కాస్త నిటారైంది.

"తాగుడు మానేసేనండి. ఆయ్. ఓసారి దాని కాళ్ళట్టుకుని తెచ్చుకుంటానండి. తమరు సెప్తే సాలండి."

చెప్పేశాను. ఊరు, గుడి, వెనక ఇల్లు, అన్నీ. శరణన్నవాడిని ఉత్తచేతులతో పంపకపోవడం మా ఇంటి ఆనవాయితీ అని లోలోపల మురుస్తూ మరీ చెప్పాను. అతను దణ్ణం పెట్టి సైకిలెక్కుతుంటే, క్యారియర్ మీద గోనెలో చుట్టిన కత్తి పిడి కనిపించింది.

అది అతని పనిముట్టే కదా అని సర్దిచెప్పుకున్నాను. మధ్యాహ్నం అన్నం ముందునుంచి లేచిపోయాను. డాక్టరమ్మగారికి చెప్పడానికి నోరు రాక, ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కాను. దారి పొడవునా కనిపించిన ప్రతి సైకిలూ అతనిదే అనిపించింది.

రామాలయం గోడకి సైకిలు ఆనించి ఉంది. గోనె ఖాళీగా వేలాడుతోంది.  గుడి వెనక్కి వెళ్ళేసరికి, అరుగు మీద కత్తి ఒళ్ళో పెట్టుకుని అతను కూర్చుని ఉన్నాడు. గుప్పుమని సారా వాసన.

"అలాంటోళ్ళు ఈ ఊళ్ళోనే లేరంటండీ," అన్నాడు నెమ్మదిగా. "తమరు అబద్ధమాడరు కదండీ, బాబుగారూ?"

"నాకు తెలియదు," అన్నాను. పొద్దున్న అనవలసిన మాట.

అతను లేచి, కత్తి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆమె బతికి ఉందో లేదో తెలియని ఆ నాలుగైదు రోజులు నేను ఎలా గడిపానో చెప్పలేను.

సోమవారం ఆమె వచ్చింది. నేను తలెత్తకుండానే జరిగింది చెప్పాను. ఆమె కోపగించుకోలేదు.

"తమరు మంచోరేనండి. కానీ ఎవరైనా బాబుగారంటే తమ మొహం ఎలా వెలిగిపోద్దో నేను సూసేనండి. అందుకే ఊరు మార్చి సెప్పేనండి."

ఇప్పుడు ఇలాంటి చోట్ల చిరునామాల కాగితాలకి తాళం వేసిన గదులు, పోలీసు ఫోను నంబర్లు, రహస్యం దాస్తామని సంతకం పెట్టించుకునే నియమాలు వచ్చాయట, మంచిదే. పెద్దింటి పేరు గుర్తున్నవారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఆ పిలుపంటే ఒకప్పుడు చెవి కోసుకునేవాణ్ణి, ఇప్పుడు అది మరొకరిదని తెలిస్తే ఊపిరి పీల్చుకుంటాను. ఆ రోజుల్లో ఆమె నిజంగా ఎక్కడ తలదాచుకుందో, తర్వాత ఎన్ని సోమవారాలు వచ్చినా, నేను మాత్రం అడగలేదు.